ఆ గోలీ బంద్ చెయ్యమని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు వారాల కింద ఆదివారం మీ ఆరోగ్యం పేజీల స్టెరాయిడ్ల మీద పెద్ద వ్యాసం వేసిన్రు. మోకాళ్ల నొప్పులకని ఊర్లల్ల ఇచ్చే గోలీలతోటి మొఖాలు ఎట్ల ఉబ్బుతున్నయో, షుగర్లు ఎట్ల వస్తున్నయో, బొక్కలు ఎట్ల గుల్లబారుతున్నయో అన్నీ విడమర్చి రాసిన్రు, అందుల ఒక్క ముక్క గూడ అబద్ధం లేదు. నేను నర్సంపేట దిక్కు మందుల షాపు నడుపుత, డీ ఫార్మసీ చదివిన, ఆ ఉబ్బిన మొఖాలు రోజూ మా కౌంటర్ ముంగట నిలవడతయ్. కానీ ఆ వ్యాసం కింద డబ్బా కట్టి లావు అక్షరాలతోటి, చీటీల ప్రెడ్నిసొలోన్ అనిగని హైడ్రోకార్టిసోన్ అనిగని స్టెరాయిడ్ పేరు కనవడితే ఇయ్యాల్టి నుంచే ఆపేయండి అని వేసిన్రు చూడున్రి, నా లొల్లి అంతా ఆ డబ్బా మీదనే. ఆ ఒక్క లైను నమ్మి గోలీలు ఆపితే పానం మీదికొచ్చేటోళ్లు ఈ జిల్లాల ఉన్నరు. వాళ్లల్ల ఒకామె మా చిన్నమ్మ.

ఆమెకున్న జబ్బు పేరు షీహాన్ సిండ్రోమ్. పేరు ఇంగ్లీషుల ఉన్నదని ఎక్కడిదో అనుకోకున్రి, 1937ల హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు కాన్పుల చచ్చిపోయిన ఆడోళ్ల మీద చేసిన పరీక్షలతోటి దీని గురించి రాసిండు, అందుకే ఆ పేరు. జబ్బు మాత్రం పక్కా మన ఊర్లల్లదే. మెదడు కింద, ముక్కు వెనక, బొక్కల చిన్న గుంతల శనగ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటది, మన బడి పుస్తకాలల్ల పీయూష గ్రంథి అని ఉండె. కడుపుతోటి ఉన్నప్పుడు అది పెద్దగైతది, దానికి రక్తం గూడ ఎక్కువ కావాలె. అసొంటి టైముల కాన్పయి రక్తం ఆగకుండ పోయి బీపీ పడిపోయిందనుకో, ఆ గ్రంథికి రక్తం అందక కొంత గాని మొత్తం గాని చచ్చిపోతది. తల్లి బతుకుతది, బిడ్డ బతుకుతది, ఇంట్ల అందరు దేవునికి మొక్కుకొని ఊకుంటరు. లోపల గ్రంథి పోయిందని మాత్రం ఎవలకు తెల్వదు.

మొదటి గుర్తు పాలు పడకపోవుడు. చిన్నమ్మకు చుక్క పాలు రాలే. ఎల్లిపాయ కారం పెట్టిన్రు, దిష్టి తీసిన్రు, ఆఖరుకు పిలగాన్ని ఆవుపాలతోటి పెంచిన్రు. తర్వాత నెలసరి మళ్ల రానే లేదు, బాలింతకు కొన్నాళ్లు రాదులే అన్నరు, ఆ కొన్నాళ్లు ఏండ్లయినయ్. చంకల వెంట్రుకలు రాలిపోయినయ్, అసొంటివి ఆడోళ్లు ఎవలకు చెప్పుకుంటరు? రోహిణి కార్తెల రోళ్లు పగిలే ఎండల గూడ ఆమె చెద్దరు కప్పుకొని పండుకునేది, నాట్లకు పోతె నలుగురు నాలుగు వరుసలు వేసేలోపు ఈమె ఒడ్డు మీద కూసునేది. బద్ధకం అన్నరు, ఒళ్లు వంగదు అన్నరు, అత్తగారి మాటలైతే నేను ఇక్కడ రాయలేను. దవాఖానకు పోతె రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ ఇచ్చేటోళ్లు, బలానికని సెలైన్ పెట్టేటోళ్లు, సెలైన్ పెట్టిన రెండు రోజులు మంచిగుండేది, మళ్ల మామూలే. ఒకసారి సోడియం పడిపోయి ఏదేదో మాట్లాడితే గాలి సోకిందని చెట్టు కిందికి తీస్కపోయిన్రు గూడ. ఆ పిలగాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, అప్పుడుగని ఆమె జబ్బు బయటవడలే.

ఇది మా ఇంట్ల ఒక్కామె కథనే అయితే నేను మీకు రాయకపోదు. కశ్మీర్ డాక్టర్లు అక్కడి ఊర్లల్ల తిరిగి చూసి 2005ల ఒక పరిశోధన అచ్చేసిన్రు, 20 ఏండ్లు దాటి పిల్లల్ని కన్న ఆడోళ్లల్ల నూటికి దాదాపు ముగ్గురికి ఈ జబ్బు ఉండొచ్చని అందుల లెక్క గట్టిన్రు, వాళ్లల్ల సగానికన్న ఎక్కువమందికి ఇంటికాడనే కాన్పులైనయ్. మన దగ్గర గసొంటి లెక్క ఎవలు తీసిన్రో నేను చూడలే. ఇప్పుడైతే 108 ఉన్నది, 102 బండ్లున్నయ్, 2017ల కేసీఆర్ కిట్ వచ్చినంక సర్కారు దవాఖానలల్ల కాన్పులు మస్తు పెరిగినయ్, మంచిగైంది. కానీ 90లల్ల ఏటూరునాగారం, మంగపేట దిక్కు వాగులు దాటలేక మంత్రసాని చేతుల మీద కన్న తల్లులు ఎటుపోయిన్రు? ఇప్పుడు యాభై దాటి మన మధ్యనే ఉన్నరు, మా కౌంటర్ కాడికే వచ్చి బలం గోలీలు అడుగుతున్నరు. దవాఖానల కన్నా గూడ రక్తం బాగ పోతె ఇది రావచ్చు, అది గూడ యాదికుంచుకోవాలె.

ఇగ వైద్యం సంగతి. మెదడు కింద గ్రంథి అనంగనే మావోళ్లు అందరు అడిగిన మొదటి మాట, ఆపరేషన్ చేస్తరా, ఆరోగ్యశ్రీల అయితదా, 10 లక్షలకు పెంచిన్రు కదా అని. పిట్యూటరీల గడ్డ లేస్తే ఆ ముచ్చట వేరే. చేతులు కాళ్లు పెరిగే అక్రోమెగలీకి, ఒళ్లంతా ఉబ్బే కుషింగ్ జబ్బుకు ముక్కులకెల్లి పోయి గడ్డ తీస్తరు, ఇంకా మిగిలితే రేడియేషనో నెలనెలా ఇంజక్షన్లో మందులో ఇస్తరు, పాల హార్మోన్ ప్రొలాక్టిన్‌ను ఎక్కువ చేసే గడ్డలకైతే చాలామందికి కత్తి పెట్టకుండ క్యాబెర్గోలిన్ గోలీలతోనే తగ్గుతది. షీహాన్‌ల తీసేతందుకు ఏం లేదు, ఎమ్మారై తీస్తే ఆ గుంత ఖాళీగ కనవడతది అంతే. పోయిన గ్రంథిని తిరిగి మొలిపిచ్చే మందు లేదు. అది చేయించే హార్మోన్లను మనమే బయటినుంచి ఇచ్చుకోవాలె, పానమున్నంత కాలం.

ఇది సమజ్ కావాలంటే పిట్యూటరీని మేస్త్రి అనుకోన్రి, థైరాయిడ్, కిడ్నీల మీద ఉండే అడ్రినల్, అండాశయాలు కూలీలు. కూలీలకు ఏం రోగం లేదు, మంచిగనే ఉన్నరు, పని చెప్పే మేస్త్రి పోయిండు గనుక చేతులు ముడుచుకొని కూసున్నరు. అడ్రినల్ తయారు చెయ్యాల్సిన కార్టిసాల్ లేక బీపీ నిలవదు, షుగర్ పడిపోతది, జరంత జ్వరమొచ్చినా తట్టుకోదు. ఆ కార్టిసాల్ జాగల ఇచ్చేదే హైడ్రోకార్టిసోన్ గోలీ, రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, రెండు మూడు సార్లుగ, పొద్దుగాల ఎక్కువ, పొద్దుమీకి తక్కువ. అది దొరకనికాడ ప్రెడ్నిసొలోన్ 3 నుంచి 5 మిల్లీగ్రాములు పొద్దుగాల ఒక్కసారి. సార్, మీ వ్యాసంల రాసిన గోలీ, ఈ గోలీ పేరుకు ఒక్కటే. కీళ్ల నొప్పులోళ్ల ఒంట్ల కార్టిసాల్ ముందే ఉన్నది, దాని మీద ఇంకా పోస్తున్నరు, అందుకే మొఖం ఉబ్బుతది. మా చిన్నమ్మ ఒంట్ల అది లేనే లేదు, లేనిదాన్ని ఉండాల్సినంతే ఇస్తున్నరు. డోసు కరెక్టుగ ఉంటే ఆమెకు మొఖం ఉబ్బదు, షుగర్ రాదు. కొందరికి ఇన్సులిన్ ఎట్లనో ఈమెకు ఇది గట్ల. ఇన్సులిన్ బంద్ చెయ్యున్రి అని మీ పేపర్ల ఎవలన్న డబ్బా కట్టి వేస్తరా?

థైరాయిడ్ కాడ ఇంకో తిరకాసున్నది, ఇది నేను కౌంటర్ కాడ నిలబడి చూస్తున్నదే గనుక జర వివరంగ రాస్త. ఒంట్ల నీరసం అంటే మన దగ్గర అందరు రాసే టెస్టు టీఎస్‌హెచ్. ఆ టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ది కాదు, మేస్త్రి థైరాయిడ్ మీద వేసే కేక అది. మామూలు థైరాయిడ్ జబ్బుల కూలి పనిచెయ్యకపోతె మేస్త్రి గట్టిగ అరుస్తడు, టీఎస్‌హెచ్ పెరుగుతది, దొరికిపోతది. మేస్త్రే లేనికాడ కేక ఎక్కడిది? రిపోర్టుల టీఎస్‌హెచ్ నార్మల్ అని వస్తది, థైరాయిడ్ లేదమ్మా పో అంటరు. చిన్నమ్మకు ఎన్నోసార్లు గట్లనే అన్నరు. దానితోపాటు థైరాయిడ్ తయారు చేసే హార్మోన్ లెక్క, ఫ్రీ టీ4 గూడ చేపిస్తే అది తక్కువ కనవడతది, అప్పుడు దొంగ దొరుకుతడు. ఆమెది అట్ల దొరికిందే, హైదరాబాద్‌ల ఒక ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల డాక్టరమ్మ రిపోర్టులు పక్కనబెట్టి ముందు ఒక్క ప్రశ్న అడిగింది, కాన్పుల రక్తం పోయిందా, పాలు పడ్డయా అని. ఇన్నేండ్లల్ల ఎవలు అడగని ప్రశ్న. తర్వాత పొద్దుగాల 8 గంటల కార్టిసాల్ చేపిచ్చింది, ప్రొలాక్టిన్ చేపిచ్చింది, మేస్త్రి అండాశయాల మీద వేసే కేక ఎఫ్ఎస్‌హెచ్ చేపిచ్చింది. నెలసరి ఆగిపోయిన వయసుల ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువుండాలె, ఈమెకు అడుగున ఉన్నది.

మందు మొదలువెట్టే వరుస గూడ ముఖ్యం. ముందు స్టెరాయిడ్ గోలీ, అది ఒంటికి పట్టినంకనే థైరాక్సిన్, అంటే థైరాయిడ్ గోలీ. థైరాక్సిన్ ముందు ఇస్తే ఒంట్ల ఉన్న ఆ కొంచెం కార్టిసాల్‌ను గూడ తొందరగ ఖర్చు చేయిస్తది, మనిషి ఒక్కసారిగ కుప్పకూలొచ్చు. ఇంకొకటి, థైరాక్సిన్ వాడేటప్పుడు టీఎస్‌హెచ్ చూసి డోసు మార్చొద్దు, వీళ్లల్ల అది ఎట్లాగైనా తక్కువే ఉంటది, డోసు ఎక్కువైందని తగ్గిస్తె మళ్ల చెద్దరు కప్పుకునుడే. ఫ్రీ టీ4 చూసి మార్చాలె. వయసుల ఉన్నోళ్లకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గూడ ఇస్తరు, యాభై దగ్గరవడేదాక, బొక్కలు గట్టిగుంటయ్, మళ్ల పిల్లలు కావాలనుకునేటోళ్లకు వేరే ఇంజక్షన్లున్నయ్. గ్రోత్ హార్మోన్ గూడ పోతది కానీ ఆ ఇంజక్షన్ రోజూ వేసుకోవాలె, అది మన అసొంటోళ్ల ఖర్చు కాదు, చాలామంది అది లేకుండనే నడిపిస్తరు. చిన్నమ్మవి మొత్తం రెండు రకాల గోలీలే. ఆ రెండు గోలీలతోటి చెద్దరు ఇడిసిపెట్టి మిరపకాయ ఏరవోతున్నది మనిషి.

గసొంటి మనిషికి మీ ఆదివారం పేజీని పక్కింటి రిటైర్డ్ సారు అరుగు మీద కూసోని పెద్దగ చదివి వినిపిచ్చిండు. ఆయన మంచికే చదివిండు, ఆయనను ఏమనను. లక్ష్మీ, నీవి గూడ గివే గోలీలు కదా, బొక్కలు గుల్లయితయట అన్నడు. చిన్నమ్మ గోలీల డబ్బా తీసి బియ్యం గుమ్మి వెనక వెట్టింది, థైరాయిడ్‌ది మాత్రం వేసుకుంటనే ఉన్నది. అంటే డాక్టరమ్మ ఏది చెయ్యొద్దన్నదో సరిగ్గ అదే అయింది. బుధవారం దాక మంచిగనే తిరిగింది. గురువారం పొద్దుగాల రెండు వాంతులైనయ్, రాత్రి తిన్నది పడలేదనుకొని మజ్జిగ తాగి చేనుకు పోయింది, మధ్యాహ్నం మిరప సాళ్ల నడుమ పడిపోయింది. ఊర్ల ఆర్ఎంపీ వచ్చి చూస్తె బీపీ 80కి దిగింది, షుగర్ 52. గ్లూకోజ్ ఎక్కిచ్చిన్రు, కండ్లు తెరిచింది, మళ్ల మూసింది. తమ్ముడు నాకు ఫోన్ చేసిండు, అన్నా అమ్మ పలుకుతలేదు అని.

నేను ముందు అడిగింది గోలీలు వేసుకుంటున్నదా అని. ఆగమాగంగ గుమ్మి వెనక డబ్బా దొరికింది, అందులనే డాక్టరమ్మ రాసిచ్చిన కార్డు ఉండె. వాంతులై గోలీ ఆగకపోతె హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇంజక్షన్ వెంటనే ఇయ్యాలె, సెలైన్ పెట్టాలె, పెద్ద దవాఖానకు పంపాలె అని దాని మీద ఉన్నది. ఆయాసమొచ్చినోళ్లకు ఆర్ఎంపీ రోజూ వేసే బుడ్డినే అది, ఆయన పెట్టెల రెండున్నయ్. కానీ ఆయన చెయ్యి ఆడలేదు సార్. ఎందుకంటే ఆయన గూడ మీ పేజీ చదివిండు, స్టెరాయిడ్ ఇచ్చినోళ్ల మీద కేసులు పెట్టాలె అని అందుల రాసి ఉండె. నేను కార్డు ఫోటో వాట్సాప్‌ల తెప్పిచ్చుకొని, ఇది పెద్ద డాక్టర్ సంతకం, నువ్వు ఇయ్యకపోతెనే కేసయితది అని అరిస్తె అప్పుడిచ్చిండు. 108 ఎక్కేటప్పటికి కండ్లు తెరిచి చూసింది, వరంగల్ దవాఖానల పొద్దుమీకిటాలకు చాయ్ అడిగింది. కార్డు లేకపోతె ఏమయ్యేదో నాకు ఊహించుకోబుద్ధి అయితలేదు.

మీరు అనొచ్చు, మేం రాసింది నొప్పులకు అడ్డగోలుగ వాడేటోళ్ల కోసం, ఇసొంటి అరుదైన జబ్బులోళ్ల కోసం కాదు అని. అయితే వాళ్ల సంగతి గూడ చెప్త. నెలల తరబడి ఎక్కువ డోసుల స్టెరాయిడ్ మింగినోళ్ల అడ్రినల్ గూడ నిద్రపోతది, బయటినుంచి మస్తుగ వస్తున్నది ఇగ నేనెందుకు తయారు చెయ్యాలె అని. వాళ్లు ఒక్కపెట్టున ఆపినా చిన్నమ్మకైనట్టే అయితది. డాక్టర్ చూసుకుంట మెల్లమెల్లగ తగ్గిచ్చుకుంట రావాలె. ఆ గోలీ మొదలువెట్టుడే తప్పు కావొచ్చు, కానీ ఇయ్యాల్టి నుంచే ఆపేయున్రి అనేది వాళ్లకు గూడ పనికిరాని సలహానే. పిట్యూటరీ గడ్డకు ఆపరేషనో రేడియేషనో అయినంక గ్రంథి పనిచెయ్యనోళ్లు, అడ్రినల్ గ్రంథే పాడైపోయి అడిసన్ జబ్బు వచ్చినోళ్లు, మన దగ్గర టీబీ తోటి గూడ ఈ అడిసన్ వస్తది, వీళ్లందరు ఆ డబ్బాల ఇరుక్కుంటరు. రాసినాయన పెద్ద డాక్టరే అయ్యుండొచ్చు, ఆ డబ్బా మాత్రం ఆయన రాసిందా, పేజీల జాగ మిగిలిందని డెస్కుల ఎవలన్న కుదిచ్చి రాసిందా అని నాకు డౌటు.

అందుకని నేను అడిగేది, సవరణను లోపలి పేజీల మూలకు చీమ తలకాయంత అక్షరాలల్ల వెయ్యకున్రి. అదే ఆదివారం, అదే జాగ, అదే సైజు డబ్బా. అందుల ఇట్ల రాయున్రి: స్టెరాయిడ్ గోలీ ఎందుకు రాసిన్రో మీ డాక్టర్‌ను అడగకుండ ఆపొద్దు, పిట్యూటరీ గాని అడ్రినల్ గాని పనిచెయ్యనోళ్లు ఒక్క రోజు గూడ మానొద్దు, జ్వరమొస్తె తగ్గేదాక రెండు మూడు రోజులు డాక్టర్ చెప్పినట్టు డోసు రెండింతలు చేసుకోవాలె, వాంతులైతే గోలీ మీద ఉండొద్దు ఇంజక్షన్‌కు పోవాలె, ఏ ఆపరేషన్‌కైనా ముందే డాక్టర్‌కు చెప్పాలె, పన్ను పీకిచ్చుకునేకాడ గూడ దాయొద్దు. దానితోపాటు, కాన్పుల రక్తం బాగ పోయి, పాలు పడక, నెలసరి మళ్ల రాక, ఏండ్లకేండ్లు నీరసం ఉన్న ఆడోళ్లు ఒక్కసారి ఫ్రీ టీ4, పొద్దుగాల కార్టిసాల్ చేపిచ్చుకోవాలె అని గూడ వెయ్యున్రి. కొలుచుకొని చూసిన, మీ డబ్బాల సరిగ్గ పడుతది.

మీ పేపర్ వైద్యారోగ్య శాఖోళ్లు గూడ చదువుతరు గనుక వాళ్లకు గూడ ఒక మాట. హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ దేశం అత్యావశ్యక మందుల జాబితాల ఉన్నదే, ఏ పీహెచ్‌సీల అడిగినా ఉండాలె. లేనిది కార్డు. చిన్నమ్మకు ఆ డాక్టరమ్మ సొంతంగ అట్ట ముక్క మీద రాసిచ్చింది, అది గూడ ఇంగ్లీషుల, తమ్ముడు డిగ్రీ చదివిండు గనుక చదివిండు. తెలుగుల అచ్చేసిన కార్డొకటి, ఈమెకు ఈ జబ్బున్నది, పడిపోతె ముందు ఈ ఇంజక్షన్ ఇయ్యున్రి, అని సర్కారు ముద్రతోటి ఉంటే ఊర్ల ఆర్ఎంపీకి, 108 పిలగానికి భయం ఉండదు. ఆశా అక్కలు బీపీ, షుగర్ రాసుకునేతందుకు ఇంటింటికి తిరుగుతనే ఉన్నరు, ఆ చీటీల కాన్పు రక్తం ముచ్చట, పాల ముచ్చట రెండు గడులు కలిపితే అయిపాయె.

ఇట్లు,
ఒక మందుల షాపాయన,
నర్సంపేట దగ్గర, వరంగల్ జిల్లా

తా.క.: హైడ్రోకార్టిసోన్ గోలీలు మా అసొంటి చిన్న ఊర్ల షాపులల్ల మస్తుసార్లు దొరకయ్, హన్మకొండ నుంచి తెప్పియ్యాల్సి వస్తది. వాడేటోళ్లు షీటు అయిపోయేదాక ఆగకుండ వారం ముందే షాపాయనకు చెప్పి పెట్టుకోవాలె. అప్పటికీ రాకపోతె ఖాళీగ ఉండొద్దు, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి దాని జాగల ప్రెడ్నిసొలోన్ ఎంత వేసుకోవాల్నో అడిగి రాయిచ్చుకోవాలె, అది ఏ షాపులనైనా దొరుకుతది. లెటర్‌ల ఇది కుదరకపోతె తీసేయున్రి, పైన డబ్బా ముచ్చట మాత్రం ఉంచున్రి. చిన్నమ్మ పేరు మార్చి రాసిన.